మడతక్క ఇచ్చిన నలభై దుప్పట్లు

మా ఆస్పత్రి లాండ్రీలో ఆవిడ అసలు పేరు తెలిసినవాడు హాజరుపట్టీ రాసే గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆవిడ మడతక్క. ఇరవయ్యారేళ్లుగా దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర నిలబడి నిలబడి ఆ పేరు సంపాదించుకుంది. నేను అదే గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను మీద కూర్చుంటాను. చిరిగినవి కుట్టడం, అంచులు మడిచి కుట్టడం నా పని. ఆవిడ కథ నేనెందుకు చెబుతున్నానంటే, ఆ నలభై దుప్పట్ల వ్యవహారంలో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి. పైగా నా నోట్లో నువ్వుగింజ నానదు. ఇన్నాళ్లు ఆగడమే గొప్ప.

లాండ్రీ నేలకింది గదిలో ఉంటుంది. కిటికీలోంచి వీధి కనిపించదు, వీధిలో నడిచేవాళ్ల కాళ్లు మాత్రం కనిపిస్తాయి. ఒక మూల బాయిలరు, దాని పక్కన మూడు ఉతికే మిషన్లు. వాటిలో ఒకటి ఎప్పుడూ రిపేరులోనే. మధ్యలో పొడుగాటి బల్ల, బల్లకి అటువైపు మడతక్క. ఇద్దరు చెరో కొస పట్టుకుని మడవాల్సిన దుప్పటిని ఆవిడ ఒక్కతే గడ్డం కింద నొక్కిపట్టి మడిచేస్తుంది. వేరేవాళ్లు మడిచిన దాంట్లో మూలకి మూల కలవకపోతే మాత్రం మనిషి మనిషిగా ఉండదు. "ఇదేం మడతే? పిల్లి పడుకుని లేచినట్టుంది" అని విప్పి నా మీదకి విసిరేస్తుంది. నాకంటే ఎనిమిదేళ్లు పెద్దది కాబట్టి ఊరుకుంటాను. లేకపోతే నేనూ తక్కువదాన్ని కాదు.

ఆవిడ ఈ పనిలో చేరిన తీరూ ఆవిడలాగే ఉంటుంది. వాళ్లమ్మ ఇదే ఆస్పత్రిలో, ఇక బతకరని తేలినవాళ్లని ఉంచే వార్డులో ఉండేదట. ఆ వార్డుకి బోర్డు మీద ఏదో చల్లటి పేరే రాశారు గానీ అందరూ చివరి వార్డు అనే అంటారు. ఈవిడ రోజుకి నాలుగుసార్లు కిందకి దిగొచ్చి "మా అమ్మ పక్క తడిసింది, ఉతికిన దుప్పటి ఇవ్వండి" అని లాండ్రీ మేస్త్రీ ప్రాణం తోడేసేదట. మూడోవారానికి ఆయన విసిగిపోయి "ఇంత గొడవ చేసేదానివి నువ్వే ఉతుక్కో" అన్నాడు. ఈవిడ నిజంగానే కొంగు నడుముకి దోపుకుని ఉతకడం మొదలుపెట్టింది. ఆ నెలాఖరుకి వాళ్లమ్మ పోయింది. ఈవిడ లాండ్రీలోనే ఉండిపోయింది.

మొగుణ్ని కూడా ఇక్కడే పట్టింది. ఆయన లిఫ్టు నడిపేవాడు. మురికిబట్టల బండి కిందికి తెచ్చినప్పుడల్లా ఓ నిమిషం ఎక్కువసేపు తలుపు తెరిచి ఉంచేవాడట. పై అంతస్తుల్లో రోగులు గంట కొట్టీ కొట్టీ తిట్టుకునేవారట. ఇప్పుడు ఆయన మోకాళ్లు అరిగిపోయి ఇంట్లో కూర్చున్నాడు. ఇల్లు గడిచేది మడతక్క ఉద్యోగం మీదే. అందుకే ఆ ఉద్యోగానికి ముప్పొచ్చినప్పుడు నా గుండెల్లో రాయి పడింది.

ఇక్కడ మా లాండ్రీ సంగతి ఒకటి చెప్పాలి. ప్రతి వార్డు దుప్పటికీ మూలన ఒక రంగు దారంతో గుర్తు కుడతాం. కాన్పుల వార్డుకి పసుపు, చివరి వార్డుకి నీలం. చివరి వార్డులో రోజుకి నాలుగైదుసార్లు దుప్పటి మారుస్తారు. మార్చిన ప్రతిసారీ అది బాయిలరులో ఉడకాల్సిందే. అలా ఏడాది ఉడికిన నూలుగుడ్డ ఎంత మెత్తబడుతుందో చెప్పలేను, చెంపకి ఆనించుకుంటే తెలుస్తుంది.

నేను చేరిన ఆరో నెలలో, అంటే ఇరవయ్యేళ్ల కిందట, పుట్టిన పిల్లల్ని చుట్టే గుడ్డలు అయిపోయాయి. కొత్తగా వచ్చిన సరుకు అట్టలా ఉంది. పిల్లల ఒళ్లు కందిపోతోందని కాన్పుల వార్డు నర్సు పైనుంచి కేకలేస్తోంది. మడతక్క పక్కన పడేసిన నీలం దారం దుప్పట్లు నాలుగు తీసి, ఇంకో రెండుసార్లు ఉడకబెట్టి, ఒక్కోదాన్ని ఎనిమిది ముక్కలుగా కోసి నా ముందు పెట్టింది. నేను అంచులు కుట్టాను. సాయంత్రానికి నర్సు తనే కిందికి దిగొచ్చి "ఇవెక్కడివే, ఇంత మెత్తగా ఉన్నాయి?" అంది. మడతక్క ఉన్నదున్నట్టు చెప్పింది. నర్సు కాసేపు ఆలోచించి "రేపు ఇంకో ముప్పై పంపు" అని వెళ్లిపోయింది.

అప్పట్నించి చివరి వార్డు దుప్పటి ఏదీ చెత్తలోకి పోలేదు. అన్నీ పసిపిల్లల గుడ్డలయ్యాయి. ఈ సంగతి మా ముగ్గురికే తెలుసు. దాచాలని అనుకుని దాచింది కాదు గానీ, బయటికి చెబితే వినేవాళ్లకి ఎలా ఉంటుందో మాకు తెలుసు. "పోయినవాళ్ల దుప్పట్లలో పసికందుల్ని చుడతారా?" అంటారు. ఆ తరవాత ఎన్నిసార్లు ఉడకబెట్టామో ఎవరూ అడగరు.

పోయినేడు చలికాలం పోయి ఎండలు మొదలవుతుండగా ఆ చిత్రకారుడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, నిద్రలేనట్టు ఉంటాడు. చిత్రకారుడంటే చేతులకి రంగులుంటాయనుకున్నాను, ఇతని చేతులు మా డాక్టర్ల చేతులకంటే శుభ్రంగా ఉన్నాయి. సూపరింటెండెంటుగారి చీటీ తెచ్చాడు. ప్రదర్శన కోసం చివరి వార్డులో వాడి పక్కన పెట్టేసిన దుప్పట్లు నలభై ఇవ్వమని అందులో ఉంది.

"ఉతికినవే ఇవ్వండక్కా. కానీ మరకలు పోనివి కావాలి," అన్నాడు.

"మరకలు పోనివి మా దగ్గర ఉంటాయని ఎవరు చెప్పారు బాబూ?" అంది మడతక్క రోషంగా. ఆ తరవాత చీటీ మళ్లీ చదివి, ఎల్లుండి రమ్మంది.

అతను మెట్లెక్కగానే నేను బల్ల దగ్గరికి వెళ్లాను. "లేవని చెప్పెయ్యొచ్చుగా అక్కా?"

"లేవంటే ఏమయ్యాయంటారు. అప్పుడేం చెప్తావు?"

 ఆవిడ కాన్పుల వార్డు దుప్పట్లలో చిరిగినవి, అయోడిన్ మరకలూ నెత్తుటి మరకలూ ఎంత ఉడికించినా వదలనివి నలభై ఏరింది. పసుపు దారం తను ఊడదీసింది, నీలం దారం నా చేత కుట్టించింది. ఒక్క మధ్యాహ్నంలో నలభై. "ఏం చేసుకుంటాడే, వాటి మీద ఏవో బొమ్మలేసుకుంటాడు" అంది. ఇద్దరం నవ్వుకున్నాం కూడా. తెలివైనవాళ్లమని అనుకున్నాం మరి.

అతను బొమ్మలు వెయ్యలేదు. రెండు నెలల తరవాత పేపర్లో ఫొటో చూసి నా చేతిలో సూది జారిపోయింది. పెద్ద తెల్లటి హాల్లో తీగల మీద మా దుప్పట్లు బారులు బారులుగా వేలాడుతున్నాయి. గోడ మీద ఒక్కటే వాక్యం: ఈ నలభై దుప్పట్ల మీద మనుషులు చివరిసారి పడుకున్నారు. ఇటు నుంచి అటు వెళ్లాలంటే వాటి మధ్యలోంచే వెళ్లాలట. దారి ఎంత ఇరుకంటే గుడ్డ చెంపకి తగలకుండా ఎవరూ పోలేరట. ఎక్కడో ఒక ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే దుప్పట్లు ఊపిరి తీస్తున్నట్టు కదులుతాయట.

ఊరు రెండుగా చీలిపోయింది. ఒక పేపరు దీన్ని శవాల మీద పేలాలు ఏరుకోవడమంది. ఇంకోటి, చావుని ఆస్పత్రి తలుపుల వెనక దాచేసి అది లేనట్టు బతుకుతున్నాం, ఈ కుర్రాడు ఆ తలుపు తీశాడు, అందుకే మనకి కోపం అని రాసింది. నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు సబబుగానే అనిపించింది. టీవీలో ఒక ప్రొఫెసరుగారు ఒక మరకని కర్రతో చూపించి, ఇది ఈ శరీరం రాసిన ఆఖరి ఉత్తరం అన్నాడు. అది ఎవరో బాలింతకి కుట్లు వేసేటప్పుడు ఒలికిన అయోడిన్. మా బాయిలరులో మూడుసార్లు ఉడికినా పోలేదు కాబట్టి నాకు తెలుసు. మా ఆయన పక్కనే కూర్చుని "ఎంత బాగా చెప్పాడో" అంటుంటే నవ్వాపుకోలేక లేచి వంటింట్లోకి పోయాను.

ఆ శుక్రవారం సెలవు పెట్టి ఇద్దరం చూడ్డానికి వెళ్లాం. జనం బారు వీధి మలుపు దాకా ఉంది. లోపలికి వెళ్లాక నాకు నవ్వు రాలేదు. ఒకావిడ దుప్పటికి నుదురు ఆనించి అలాగే నిలబడి ఉంది. ఒక ముసలాయన ప్రతిదాని ముందూ ఆగి ఏదో గొణుక్కుంటున్నాడు. మడతక్క మాత్రం క్లిప్పుల వంక చూసి "ఇలా బిగిస్తే చిరుగుతాయి, చెప్పేవాళ్లే లేరా" అంది. కంగారుపడినప్పుడు ఆవిడ ఇలాంటివే మాట్లాడుతుంది.

మూడో వరసలో రెండో దుప్పటి ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. ఖాకీ చొక్కా, చేతిలో అట్టముక్క. అట్ట మీద పెన్నుతో రాసి ఉంది: నా భార్య దుప్పటి నాకివ్వండి. అరవడం లేదు, ఎవరినీ ఆపడం లేదు. రోజూ వస్తున్నాడని కాపలా మనిషి చెప్పాడు.

మడతక్క నేరుగా ఆయన దగ్గరికి వెళ్లింది. నేను కొంగు పట్టి లాగినా ఆగలేదు. "మీదేనని ఎలా తెలుసన్నా?" అని అడిగింది.

"ఇదిగోనమ్మా, ఇక్కడ," అని తలవైపు ఉన్న నారింజరంగు మరక చూపించాడు. "పోయే ముందు రోజు మందు తాగిస్తుంటే చెయ్యి తోసేసింది. ఇక్కడే ఒలికింది. నేనే తుడిచాను." ఆయన బడి బస్సు నడుపుతాడట. పొద్దున పిల్లల్ని దింపి ఇక్కడికి వస్తాడు, మళ్లీ బడి వదిలే వేళకి వెళ్లిపోతాడు. భార్య పోయి ఎనిమిది నెలలైంది. "తప్పని నేనననమ్మా. చదువుకున్నవాళ్లు, వాళ్లకేదో అర్థముంటుంది. కానీ అందరూ దాన్ని తగులుతూ పోతుంటే చూళ్లేకపోతున్నాను. అదెప్పుడూ ఎవర్నీ తగలనిచ్చే మనిషి కాదు."

బస్సులో తిరిగొచ్చాం. దిగే ముందు మడతక్క "చాలా పాపం చేశామే" అంది. నాకు కోపం వచ్చింది. "మనమేం చేశాం? గోడ మీద రాసింది మనమా?" అన్నాను. అన్నాను గానీ ఆ నారింజరంగు మరక నా కళ్లముందు నుంచి పోలేదు.

తరవాతి వారం పోయినవాళ్ల కుటుంబాలవాళ్లు ముప్పైమంది దాకా కలిసి ఫిర్యాదు ఇచ్చారు. మొదటి సంతకం ఆ బస్సు డ్రైవరుదే. మావాళ్లు వాడిన దుప్పట్లని మమ్మల్ని అడక్కుండా బయటికి ఎలా ఇచ్చారని వాళ్ల ప్రశ్న. ఆస్పత్రి జవాబు చెప్పాలి. సూపరింటెండెంటుగారు గురువారం విచారణ పెట్టారు. ఇవ్వమని ఆవిడ రాసిన చీటీ మాట ఎవరూ ఎత్తలేదు, ఇచ్చినట్టు కాగితం మీద ఉన్న సంతకం ఒక్కటే, మడతక్కది.

నేను ఎటు నుంచి ఆలోచించినా ఒక్కటే కనిపించింది. మడతక్క చివరి వార్డువే ఇచ్చానంటే కుటుంబాలు ఊరుకోవు, ఉద్యోగం పోతుంది. కాన్పుల వార్డువి ఇచ్చానంటే దొంగగుర్తు కుట్టించినందుకు ఉద్యోగం పోతుంది. అసలువి ఏమయ్యాయో చెబితే పసిపిల్లల తల్లిదండ్రులు ఆస్పత్రి మీద పడతారు, ఉద్యోగంతో పాటు పందొమ్మిదేళ్ల పనీ పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు గానీ మాకు పక్కన ఇంకో గొయ్యి కూడా ఉంది.

"కాల్చేశామని చెప్పక్కా," అన్నాను బుధవారం. "పాతవి కాల్చేస్తాం, అందుకే వేరేవి ఇచ్చామని చెప్పు. ఒక్క అబద్ధంతో సగం గొడవ తీరిపోతుంది."

 ఆవిడ గడ్డం కింద దుప్పటి నొక్కి మడిచింది. మూలలు కలవలేదు. అలాగే దొంతర మీద పెట్టేసింది. ఆవిడ అలా పెట్టడం నేను అదే మొదటిసారి చూశాను.

గురువారం నన్నెవరూ పిలవలేదు. అయినా వెళ్లాను. నీలం దారం కుట్టిన చెయ్యి నాది. పొడుగు బల్ల చుట్టూ సూపరింటెండెంటుగారు, ఆస్పత్రి లాయరు, ఇప్పుడు కాన్పుల వార్డుకి హెడ్ నర్సయిన ఆ పాత నర్సు, చిత్రకారుడు, కుటుంబాల తరఫున బస్సు డ్రైవరు కూర్చున్నారు. మడతక్కని కూర్చోమన్నారు గానీ నిలబడే ఉంది. కూర్చుని పని చెయ్యడం ఆవిడకి అలవాటు లేదు.

"చెప్పమ్మా. చివరి వార్డు దుప్పట్లు నలభై ఇచ్చింది నువ్వేనా?" అన్నారు సూపరింటెండెంటుగారు.

"నలభై ఇచ్చింది నేనే మేడమ్. కానీ అవి చివరి వార్డువి కావు. కాన్పుల వార్డువి. గుర్తు దారం మార్పించింది నేను. దీనికేం సంబంధం లేదు," అంది నా వైపు చూపించి.

"ఉంది," అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

చిత్రకారుడు కుర్చీలోంచి లేచిపోయాడు. మొహం మా ఉతికిన గుడ్డలా తెల్లబడిపోయింది. "మోసం చేశారా? రెండేళ్లుగా అనుకుని చేసిన పని అక్కా ఇది. వేలమంది వచ్చారు. వాటి ముందు నిలబడి ఏడ్చారు. ఆ ఏడుపంతా అబద్ధమా ఇప్పుడు?"

"ఏడుపు నిజమే బాబూ," అంది మడతక్క. "వాళ్లకి వాళ్లవాళ్లు గుర్తొచ్చారు. దుప్పటి ఒక్కటే అబద్ధం. అది నా తప్పు. మీరు అడిగినవి నా దగ్గర మిగల్లేదు, ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు."

అతను మెల్లగా కూర్చున్నాడు. "అంటే... అన్నీ పుట్టుక మరకలా?" అన్నాడు, ఎవరినీ అడుగుతున్నట్టు కాకుండా. గోడ మీది మాట మారుస్తానన్నాడు. మార్చాడు కూడా: ఈ దుప్పట్ల మీద మనుషులు పుట్టారు, మీరు చావుని చూశారు. దాంతో ఇంకో గొడవ లేచింది. బాలింతల మరకలు బజారున పెడతారా అని ఇంకో గుంపు వచ్చి నిలబడింది. కుండ మూతికి మూకుడు పెట్టగలం గానీ ఊరి మూతికి పెట్టలేం కదా. అదంతా తరవాతి మాట.

అప్పటికి మాత్రం గదిలో అందరూ కాస్త తేలికపడ్డారు. లాయరు ఫైలు మూసి "పోయినవాళ్ల దుప్పట్లు కానే కావు కాబట్టి ఫిర్యాదు నిలబడదు" అన్నాడు.  అప్పుడు బస్సు డ్రైవరు మొదటిసారి నోరు విప్పాడు.

"మరి మా ఆవిడది ఏమైందమ్మా?"

నేను కళ్లతోనే మడతక్కని బతిమాలాను. కాల్చేశాం అను. రెండే రెండు మాటలు. ఆవిడ నావైపు చూసింది, మళ్లీ ఆయన వైపు చూసింది. అట్టముక్క ఆయన ఒళ్లో బోర్లా పెట్టి ఉంది.

"మీకు అబద్ధం చెప్పలేనన్నా," అంది. చెప్పేసింది. ఉడకబెట్టడం దగ్గర్నుంచి ఎనిమిది ముక్కలు కొయ్యడం దాకా, పందొమ్మిదేళ్లూ, ఏదీ దాచకుండా చెప్పింది. చెబుతున్నంతసేపూ చేతులు మాత్రం బల్ల అంచు గట్టిగా పట్టుకునే ఉన్నాయి.

సూపరింటెండెంటుగారు తల పట్టుకున్నారు. "ఇది బయటికి పోతే రేపు పేపర్లో ఏం రాస్తారో తెలుసా నీకు? పసిపిల్లలకి..." 

హెడ్ నర్సు గొంతు సవరించుకుంది. "తెలిసి వాడింది నేను మేడమ్. పందొమ్మిదేళ్లు. గుడ్డ వల్ల ఒక్క బిడ్డ ఒంటి మీద ఒక్క పొక్కు రాలేదు. మన ఆస్పత్రిలో వాటికంటే ఎక్కువ ఉడికిన గుడ్డ ఇంకోటి లేదు." ఆ మీదట ఇంకో మాట అంది, "మీ మనవడు పుట్టినప్పుడు ఇంత మెత్తటివి ఎక్కడా చూళ్లేదని రెండు ఇంటికి పట్టుకెళ్లారు మీరు. ఇంకో రెండు కావాలని కబురు కూడా పెట్టారు."

సూపరింటెండెంటుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడవాల్సినంత మురికి దాని మీద లేదు. "నా సంగతి సరేనమ్మా," అన్నారు చివరికి, గొంతు తగ్గించి. "కానీ ఫిర్యాదు ఇచ్చింది ఈయన. నా భార్య దుప్పటి కోసేశారని ఈయన ఒక్క కాగితం రాస్తే నేను నిన్ను కాపాడలేను."

అందరం డ్రైవరు వైపు చూశాం. ఆయన మొహంలో ఏముందో నాకు తెలియలేదు. కోపమూ కాదు, ఏడుపూ కాదు. లెక్క అర్థంకాని పిల్లాడిలా ఉన్నాడు.

"చూడొచ్చా?" అన్నాడు.

మెట్లెక్కి కాన్పుల వార్డుకి వెళ్లాం. ఎండ పడే పెద్ద గది, రెండు వరసల మంచాలు, మంచం పక్కన మంచం అంత ఎత్తులో చిన్న తొట్టెలు. ఆ వేళకి ఆరుగురో ఏడుగురో పిల్లలున్నారు. ఒకడు నిద్రపోతున్నాడు, ఒకతి ఆవలిస్తోంది, మిగతావాళ్లు ఒకరిని చూసి ఒకరు గుక్కపెట్టి ఏడుస్తున్నారు. తల్లులు అలసిపోయి వాళ్లని పట్టించుకోవడం లేదు. ప్రతి బిడ్డ చుట్టూ నేను అంచు కుట్టిన తెల్లగుడ్డ.

డ్రైవరు తలుపు దగ్గర తొట్టె ముందు ఆగాడు. అందులోని పిల్ల పిడికిళ్లు బిగించి, మొహం ఎర్రగా చేసుకుని అరుస్తోంది. "ఇది ఆవిడదేనా?" అన్నాడు గుడ్డ వైపు చూస్తూ.

"చెప్పలేనన్నా," అంది మడతక్క. "ఎనిమిది నెలలంటే ఈపాటికి కోసేసే ఉంటాం. ఇక్కడే ఉండొచ్చు. ఎవరింటికైనా వెళ్లిపోయి ఉండొచ్చు. తల్లులు పట్టుకెళ్తుంటారు, మేం అడగం."

"ఎనిమిది ముక్కలన్నారు కదా."

"ఎనిమిది."

"ఎనిమిదిమంది," అన్నాడాయన. ఆ తరవాత ఉన్నట్టుండి ఆయన భుజాలు ఊగాయి. ఏడుస్తున్నాడనుకుని నేను ముందుకెళ్లాను. నవ్వుతున్నాడు. "మా ఆవిడకి పిల్లల ఏడుపంటే అస్సలు పడేది కాదమ్మా. నేను బస్సు దిగి ఇంటికెళ్లగానే స్నానం చేసి రా, నీ ఒంటి నిండా అరుపులే అనేది. ఇప్పుడు చూడండి ఎక్కడికొచ్చి పడిందో." నవ్వుతూ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నాడు. మంచం మీది తల్లి ఈయనెవరా అన్నట్టు చూసింది. హెడ్ నర్సు వేలు చూపించి నెమ్మది అంది. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకాసేపు నవ్వాడు. ఆ నవ్వు విని మడతక్క గోడకి ఆనుకుపోయింది. 

ఆయన సూపరింటెండెంటుగారి వైపు తిరిగాడు. "నా కాగితం చింపెయ్యండమ్మా. మిగతావాళ్లకి నేను చెబుతాను."

ఆవిడ తలూపి, మడతక్కకి దారం మార్చినందుకు ఒక హెచ్చరిక ఉత్తరం ఇస్తానన్నారు. రేపట్నించి గుడ్డలు ఎన్నిసార్లు ఉడకబెట్టాలో, ఎలా కొయ్యాలో నియమంగా రాసి వార్డు గోడకి అంటిస్తామనీ, తల్లులకి ముందే చెబుతామనీ, వద్దన్నవాళ్లకి కొత్తవి ఇస్తామనీ అన్నారు. ఇప్పటిదాకా వద్దన్నవాళ్లు ఇద్దరే. పందొమ్మిదేళ్లు భయపడింది ఈ ఇద్దరి కోసమా అని తరవాత నాకు ఒళ్లు మండింది గానీ, ఆ నిమిషంలో మాత్రం మడతక్క చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఊపేశాను.

హెడ్ నర్సు అల్మారా తెరిచి, ఉతికి పెట్టిన గుడ్డల దొంతర పైనుంచి ఒకటి తీసి డ్రైవరుకి అందించింది. "ఆవిడదో కాదో తెలియదన్నా. కానీ ఆ వార్డుదే. దగ్గరుంచుకోండి."

ఆయన రెండు చేతులా తీసుకున్నాడు. బొటనవేలితో ఒకసారి నిమిరాడు, చెంపకి ఆనించుకున్నాడు. అలా ఎంతసేపున్నాడో. తొట్టెలో పిల్ల మళ్లీ గుక్కపట్టింది. ఆయన గుడ్డని తిరిగి హెడ్ నర్సు చేతిలో పెట్టేశాడు.

"వద్దమ్మా," అన్నాడు. "వాడుకుంటున్నారు కదా."

బడి వదిలే వేళైందని, పిల్లలు ఎదురుచూస్తుంటారని చెప్పి మెట్లు దిగి వెళ్లిపోయాడు.